ప్రాశ్నికుడి మార్కు, ప్రేక్షకుడి ఓటు: టెలివిజన్ నృత్యపోటీలలో తీర్పు పద్ధతుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రముఖులు పాల్గొనే నృత్యపోటీలలో న్యాయనిర్ణేతల మార్కులను, ప్రేక్షకుల ఓట్లను కలిపి ఫలితం తేల్చే పద్ధతి 2004లో బ్రిటిష్ టెలివిజన్‌లో రూపుదిద్దుకుని, రెండేళ్లలోనే భారతీయ టెలివిజన్‌కు చేరింది. నిపుణుల తీర్పు, సభ స్పందన అనే ఈ రెండు కొలతలూ మన ప్రదర్శనకళల చరిత్రలో పూర్వం నుంచీ ఉన్నాయి. నాట్యశాస్త్రంలోని సిద్ధి ప్రకరణం, కాకతీయుల కాలపు నృత్తరత్నావళి, పద్యనాటకాలలోని వన్స్‌మోర్, పల్లె ప్రదర్శనలలోని చదివింపులు ఇందుకు ఆధారాలు. ఈ పరంపరతో పోల్చి చూసినప్పుడు టెలివిజన్ తెచ్చిన అసలు మార్పు ప్రేక్షకుడికి అధికారం ఇవ్వడంలో కంటే, ఆ అధికారపు లెక్కను సభ కంటికి కనబడకుండా చేయడంలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్రాశ్నికులు, సిద్ధి, ఘాతం, నృత్తరత్నావళి, వన్స్‌మోర్, చదివింపులు, ప్రేక్షకుల ఓటు, ఢీ, బీబీ జోడీ.

1. ఉపోద్ఘాతం

వరంగల్‌లో ఎం.ఏ. తెలుగు విద్యార్థులకు నాట్యశాస్త్ర పరిచయం చేసేటప్పుడు దాదాపు ప్రతి సంవత్సరమూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. రససూత్రం దగ్గర నిశ్శబ్దంగా ఉన్న తరగతి, ప్రేక్షకుని ప్రస్తావన రాగానే మేలుకుంటుంది. "సార్, మంచిగ ఆడినోళ్లు ఎలిమినేట్ అయితరు, ఓట్లు పడ్డోళ్లు గెలుస్తరు. గిదేం న్యాయం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వెంటనే మరొకరు "ఓట్లేసేది మనమే గదా, మనకు నచ్చినోళ్లే గెలవాలె" అంటారు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న వివాదం తరగతి గది కంటే, టెలివిజన్ కంటే చాలా పాతది.

ఈ విషయంపై వెలువడే వ్యాఖ్యలు సాధారణంగా రెండు పక్షాలుగా చీలిపోతాయి. కళను తూచవలసినవారు తెలిసినవారేనని ఒక పక్షం. చూసేవారు లేనిదే కళ లేదు కనుక వారి మాటే చెల్లాలని ఇంకొక పక్షం. మార్కు, ఓటు అనేవి ఒకే ప్రశ్నకు ఇచ్చే రెండు సమాధానాలని ఇద్దరూ అనుకోవడం వల్ల ఈ వాదం తెగడం లేదు. నిజానికి 'ఇతడు ఎట్లా ఆడాడు' అన్నది మొదటి ప్రశ్న. 'ఇతణ్ని వచ్చే వారం కూడా చూడాలని ఉందా' అన్నది రెండవది. మన పూర్వులు ఈ రెండు ప్రశ్నలనూ వేరు చేసి, రెండింటికీ సభలో చోటిచ్చి, రెండింటినీ లెక్కించే మనిషిని కూడా నియమించారు. ఆ ఏర్పాటు నుంచి నేటి టెలివిజన్ పోటీ వరకు తీర్పు ఎట్లా ప్రయాణించిందో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

2. సిద్ధి, ఘాతం, పతాక

నాట్యశాస్త్రం 27వ అధ్యాయం సిద్ధివ్యంజకం. పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు అనువాదం 1959లో వెలువడి, మరుసటి సంవత్సరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది గనుక ఈ భాగం తెలుగు పాఠకులకు అందుబాటులోనే ఉంది. అయినా రసాధ్యాయానికి దక్కిన చర్చలో పదోవంతు కూడా దీనికి దక్కలేదు. ప్రదర్శన ఫలించిందా లేదా అని తేల్చే పద్ధతిని భరతుడు ఇక్కడ ఎంతో నిర్దిష్టంగా చెప్పాడు.

సిద్ధి రెండు విధాలు: మానుషి, దైవికి. మానుషి సిద్ధి అంటే ప్రేక్షకుల నుంచి వెలువడే స్పందన. అది మాటగానూ వస్తుంది, శరీరంలోనూ కనిపిస్తుంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, 'సాధు' అనడం, 'అహో' అనడం, 'అయ్యో కష్టం' అనడం, సభ అంతా హోరెత్తడం వాఙ్మయ సిద్ధులు. ఒళ్లు గగుర్పొడవడం, ఆసనం మీది నుంచి లేచి నిలబడడం, పైబట్టలూ ఉంగరాలూ విసిరివేయడం శారీర సిద్ధులు. వీటిలో ఏ రసానికి ఏ స్పందన తగినదో కూడా శాస్త్రం చెబుతుంది. దైవికి సిద్ధి ఇంకా సూక్ష్మమైనది: చప్పుడు లేదు, కలత లేదు, ఉత్పాతం లేదు, రంగస్థలం నిండి ఉంది, అదే సిద్ధి. నిండిన సభలోని నిశ్శబ్దాన్ని కూడా ఒక ఓటుగా లెక్కించిన శాస్త్రమిది. చప్పట్ల మోత ఎంత పెరిగితే అంత విజయమనుకునే నేటి స్టూడియో సంస్కృతికి ఈ రెండవ కొలత పట్టుబడదు.

సిద్ధికి ఎదురు ఘాతం. దైవం వల్ల కలిగేవి, నటుని లోపం వల్ల కలిగేవి, శత్రువుల వల్ల కలిగేవి అని వీటిలో భేదాలున్నాయి. మూడవదాన్ని చదివినప్పుడు నా విద్యార్థులు నవ్వు ఆపుకోలేరు. ఎదుటి బృందం వారు పెద్దగా నవ్వడం, ఏడవడం, కేకలు వేయడం, రంగస్థలం మీదికి ఆవుపేడ, మట్టిబెడ్డలు, చీమలు విసరడం వంటివన్నీ అక్కడ ఉన్నాయి. అభిమాన సైన్యాలు, ట్రోలింగు మన కాలం కనిపెట్టినవి కావని చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

వీటిని తూచేవారు ప్రాశ్నికులు. యజ్ఞం తెలిసినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణం తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు అని పదిమందిని శాస్త్రం పేర్కొంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పరిధి ఉంది. సౌష్ఠవాన్ని విలుకాడు చూస్తాడు; ఆహార్యాన్ని చిత్రకారుడు చూస్తాడు; శృంగారోపచారాన్ని వేశ్య చూస్తుంది. తనకు తెలియనిదాని మీద తీర్పు చెప్పే హక్కు ఏ ప్రాశ్నికుడికీ లేదు. ఈ పట్టికలో వేశ్యకు నిపుణస్థానం లభించడం, రాజు కూడా పదిమందిలో ఒకడు కావడం గమనించదగినవి.

పోటీ పద్ధతి విషయానికి వస్తే, ప్రాశ్నికులు రంగస్థలానికి మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా కూర్చుంటారు. సిద్ధులనూ ఘాతాలనూ లెక్కపెట్టేందుకు గణకుడు, రాసేందుకు లేఖకుడు ఉంటారు. ఘాతాలు తక్కువగానూ సిద్ధులు ఎక్కువగానూ ఉన్నవారికి పతాక దక్కుతుంది. ఇద్దరూ సమానంగా నిలిస్తే రాజు ఆజ్ఞ ప్రమాణం. ఆయనకూ సమానమే అనిపిస్తే ఇద్దరికీ పతాక ఇవ్వవచ్చు.

ఈ ఏర్పాటులో లెక్కించే వస్తువు ప్రేక్షకుల స్పందన; లెక్కించేవారు నిపుణులు. ప్రేక్షకుడు నేరుగా విజేతను ఎన్నుకోడు, ప్రాశ్నికుడు కూడా ప్రేక్షకుణ్ని పక్కన పెట్టి తీర్పు చెప్పడు. మానుషి సిద్ధి సభలో అందరి ఎదుటా జరుగుతుంది. లేచి నిలబడినవాడు ఎవరో పక్కవాడికి తెలుసు, విసిరిన ఉంగరం ఎవరిదో తెలుసు, రాసుకున్న లేఖకుడు ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలుసు. తర్వాతి భాగాలలో మనం వెతకవలసినది ఈ లేఖకుడినే.

3. ఓరుగల్లు: శాస్త్రంలోకి వచ్చిన దేశి

గణపతిదేవ చక్రవర్తి గజసాహిణి జాయప సేనాని 1253–54 ప్రాంతంలో నృత్తరత్నావళిని సంస్కృతంలో రచించాడు. వి. రాఘవన్ పరిష్కరణ 1965లోనూ, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి తెలుగు అనువాదం 1969లోనూ వెలువడ్డాయి. ఎనిమిది అధ్యాయాల గ్రంథంలో మొదటి నాలుగు మార్గ నృత్తానికి, చివరి నాలుగు దేశి నృత్తానికి సంబంధించినవి. ఈ సగం సగం విభజన మన చర్చకు ముఖ్యం. పేరణి, చిందు, గొండలి, దండరాసకం వంటివి పండితసభ అనుమతి పొంది పుట్టిన ఆటలు కావు. జనం చూసి మెచ్చి నిలబెట్టినవాటిని జాయప చూశాడు, కొలిచాడు, శాస్త్రంలో చేర్చాడు. అంటే ప్రజామోదం ముందు, శాస్త్రం తర్వాత.

అట్లాగని జాయప నైపుణ్యపు గీటురాయిని వదులుకోలేదు. పేరణికి ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారకం, గీతం అనే అయిదు అంగాలున్నాయి. కాలి గజ్జెల ధ్వనిని అదుపులో పెట్టే ఘర్ఘరంలో ఏ తేడా వచ్చిందో వినగలిగినవాడు ప్రాశ్నికుడు. ఆ ధ్వనికి ఒళ్లు జలదరించినవాడు ప్రేక్షకుడు. రెండవవాడికి మొదటివాడి చెవి అక్కరలేదు. మొదటివాడికి రెండవవాడి జలదరింపు లేకుంటే చేసే పని లేదు. పాలకుర్తి నుంచి వచ్చిన సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వత ప్రకరణంలో శ్రీశైల శివరాత్రి ప్రదర్శనలను వరుసగా వర్ణించినప్పుడు మనకు కనిపించేది ఈ రెండవ గుంపు. ఓరుగల్లు వీధులలో తిరిగే క్రీడాభిరామంలోని ఇద్దరు మిత్రులు, చూసిన ప్రతి ఆటపాటపైనా వ్యాఖ్యానించుకుంటూ పోయేవారు, బహుశా రెండింటి మధ్యలోని వారు.

4. వన్స్‌మోర్, చదివింపులు

ఆధునిక కాలంలో ప్రముఖుల మధ్య ప్రదర్శన పోటీకి తెలుగునాట అసలైన పూర్వరూపం కాంట్రాక్టు నాటకం. వేరువేరు సమాజాలలో పేరు తెచ్చుకున్న నటులను గుత్తేదారు ఒక రాత్రికి ఒక వేదిక మీదికి తెచ్చేవాడు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు ఉండేవారు. పడకసీనుకు ఒకరు, రాయబారానికి ఇంకొకరు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఏ.వి. సుబ్బారావు వంటి వారి పేర్లే టిక్కెట్లు అమ్మేవి. కథ అందరికీ తెలిసిందే. ఈ కృష్ణుడు ఆ కృష్ణుడి కంటే ఎట్లా పాడతాడన్నదే జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు సభ ఇచ్చే సమాధానం 'వన్స్‌మోర్'. పద్యం రాగంతో ముగియగానే కేక లేస్తుంది, నటుడు మళ్లీ పాడతాడు. రాయబారానికి వచ్చిన కృష్ణుడు కౌరవసభకు వీపు తిప్పి, ముందు వరుసలకు నమస్కరించి, అదే పద్యాన్ని ఇంకో ఆలాపనతో అందుకుంటాడు. నాటక విమర్శకులకు ఇది సహించరానిదయింది, అందుకు కారణమూ ఉంది: కథ ఆగిపోతుంది, పాత్ర చెదిరిపోతుంది. కానీ ఓటుగా చూస్తే ఇంత నిజాయితీ గల ఓటు అరుదు. అది ఒక పద్యానికి పడుతుంది, అప్పటికప్పుడు పడుతుంది, వేసినవాడి గొంతు అందరికీ వినబడుతుంది. నిన్నటి ప్రతిష్ఠకు ఇవాళ వన్స్‌మోర్ రాదు.

చదివింపులు మరో పద్ధతి. పల్లెలో పద్యనాటకమో చిందు యక్షగానమో బుర్రకథో జరుగుతుండగా ప్రేక్షకుడు డబ్బిచ్చి పంపుతాడు. ప్రదర్శన ఒక క్షణం ఆగుతుంది. ఫలానా ఊరి ఫలానావారు ఫలానా వేషధారికి ఇన్ని రూపాయలు చదివించారని వేదిక మీది నుంచి ప్రకటిస్తారు. వేషధారి చేతులెత్తి మొక్కుతాడు. ఇక్కడ ఓటుకు ధర ఉంది. ఉన్నవాడు ఎక్కువ చదివిస్తాడు. ఒకరి పేరు విని పౌరుషానికి ఇంకొకరు చదివిస్తారు. కులం, ఊరు, బంధుత్వం అన్నీ పనిచేస్తాయి. దీన్ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఇందులో మూడు అంశాలు కలిసి ఉన్నాయని మాత్రం గుర్తించాలి: సొమ్ము, పేరు, బహిరంగ ప్రకటన.

వీటికి ఎదురుగా పరిషత్తు నిలిచింది. 1929లో తెనాలిలో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు, దాని తర్వాత ఊరూరా వచ్చిన పరిషత్తులు నిపుణుల తీర్పుకు ప్రాధాన్యమిచ్చాయి. న్యాయనిర్ణేతలు కాగితాలతో ముందు వరుసలో కూర్చుంటారు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడు అంటూ చివరిరోజు ప్రకటిస్తారు. సభ మెచ్చిన నాటకానికి బహుమతి రాకపోతే గొడవలు రేగడం ఏ పరిషత్తు నిర్వాహకుణ్ని అడిగినా చెబుతారు. ఈ విధంగా ఇరవయ్యవ శతాబ్దం ముగిసేనాటికి తెలుగు సభకు మార్కు, కేక, సొమ్ము మూడూ అలవాటైనవే.

5. తెరమీదికి వచ్చిన ఓటు

2004 మే 15న బీబీసీలో మొదలైన 'స్ట్రిక్ట్‌లీ కమ్ డాన్సింగ్'లో సినిమా, క్రీడలు, వార్తారంగాలకు చెందిన ప్రముఖులు వృత్తి నర్తకులతో జతకట్టి ఆడతారు. న్యాయనిర్ణేతలు అక్కడికక్కడే మార్కులు వేస్తారు, ప్రేక్షకులు ఓట్లు వేస్తారు, రెండూ కలుపుతారు. దీని అమెరికన్ రూపం 2005 జూన్‌లో ప్రారంభమైంది. మొదటి విడత ఫలితమే వివాదమై, గెలిచిన కెల్లీ మొనాకోకూ ఓడిన జాన్ ఒహర్లీకీ అదే ఏడాది మళ్లీ పోటీ పెట్టి, ఈసారి ఓట్లతో మాత్రమే తేల్చారు, ఒహర్లీ గెలిచాడు. హిందీలో 2005లో 'నచ్ బలియే', 2006లో బీబీసీ కార్యక్రమానికి భారతీయ రూపమైన 'ఝలక్ దిఖలాజా' వచ్చాయి.

తెలుగు ప్రేక్షకులు ఓటు రుచిని మొదట ఎరిగింది మాత్రం నాట్యంలో కాక పాటలో. 2006లో 'ఇండియన్ ఐడల్' రెండో విడత తుదిపోరులో హైదరాబాదుకు చెందిన ఎన్.సి. కారుణ్య, బికనేర్‌కు చెందిన సందీప్ ఆచార్య చేతిలో ఓడిపోయాడు. 2010లో శ్రీరామచంద్ర అదే పోటీ గెలిచాడు. ఈ రెండింటి మధ్య, 2007లో డార్జిలింగ్‌కు చెందిన ప్రశాంత్ తమాంగ్ విజయం ఓటు ఎంత దూరం పోగలదో చూపింది. ఆయన కోసం కొండప్రాంతపు గూర్ఖాలు చందాలు పోగుచేసి ఓట్లు వేశారు. గెలిచాక ఒక రేడియో వ్యాఖ్యపై సిలిగురిలో అల్లర్లు జరిగాయి. పాటగాడికి పడిన ఓటు ఒక జాతి గుర్తింపు ఓటుగా మారింది. దాన్ని 'తప్పుడు తీర్పు' అనడం తేలిక. ఆ ఓటర్లు జవాబిచ్చిన ప్రశ్న వేరు, అంతే.

బ్రిటన్‌లో 2008 సంవత్సరం ఈ రెండు ప్రశ్నల ఘర్షణకు మంచి నమూనా. రాజకీయ విలేకరి జాన్ సార్జెంట్ వారం వారం అట్టడుగు మార్కులు తెచ్చుకుంటూ, వారం వారం ఓట్లతో బయటపడ్డాడు. చివరకు తానే గెలిచే ప్రమాదం ఉందని గ్రహించి నవంబరులో స్వయంగా తప్పుకున్నాడు. ఘాతాలను తానే లెక్కించుకున్న నటుడన్నమాట. మరుసటి నెల 13న సెమీఫైనల్లో అంతకంటే విచిత్రం జరిగింది. ముగ్గురు పోటీదారులలో ఇద్దరికి న్యాయనిర్ణేతల నుంచి సమానమైన అగ్రస్థానం రావడంతో చెరి 3 పాయింట్లు, మూడవవాడైన టామ్ చాంబర్స్‌కు 1 పాయింటు దక్కాయి. ప్రేక్షకుల ఓటులో అతడు మొదట నిలిచి 3 పాయింట్లు తెచ్చుకున్నా మొత్తం 4. మిగిలిన ఇద్దరికి ఎట్లా చూసినా 5, 4. అంటే జనం ఎన్ని ఓట్లు గుద్దినా అతడు అడుగు ఇద్దరిలో ఉండక తప్పదు. డబ్బు పెట్టి ఓటు వేస్తున్న ప్రేక్షకులకు ఆ ఓటుతో పని లేదని లెక్క మధ్యలో తేలింది. నిర్వాహకులు ముగ్గురినీ ఫైనల్‌కు పంపారు. ఫైనల్‌లో గెలిచింది టామ్ చాంబర్స్. సమానులిద్దరికీ పతాక ఇవ్వమన్న భరతుని సూత్రం గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ సమానులను చేసింది కళ కాదు, కూడికలోని పొరపాటు.

6. సగం సగం అన్న లెక్క

మార్కులకు సగం, ఓట్లకు సగం విలువ అని ప్రకటించినప్పుడు వినేవారికి అది న్యాయంగా తోస్తుంది. కలిపే పద్ధతి తెలియకుండా ఆ మాటకు అర్థం లేదు. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. మూడు జంటలకు న్యాయనిర్ణేతలు 30కి వరుసగా 27, 24, 21 మార్కులు వేశారు. లక్ష ఓట్లలో వారికి 20 వేలు, 25 వేలు, 55 వేలు వచ్చాయి. స్థానాలకు పాయింట్లిచ్చే పద్ధతిలో మొదటి జంటకు 3, 1. రెండో జంటకు 2, 2. మూడో జంటకు 1, 3. ముగ్గురికీ మొత్తం 4. ఎవరినీ పంపలేం.

ఇప్పుడు శాతాలు కలుపుదాం. మొత్తం 72 మార్కులలో వారి వాటాలు 37.5, 33.3, 29.2. ఓట్ల శాతాలు 20, 25, 55. కలిపితే 57.5, 58.3, 84.2. న్యాయనిర్ణేతల దృష్టిలో ఉత్తములైన మొదటి జంట ఇంటికి పోతుంది. అవే మార్కులు, అవే ఓట్లు. పద్ధతి మారితే ఫలితం మారింది. కారణం సులభం. మార్కులు 29కీ 38కీ మధ్య ఇరుక్కుని ఉన్నాయి, ఓట్లు 20 నుంచి 55 దాకా విస్తరించాయి. ఎక్కువ విస్తరించినది ఎక్కువ శాసిస్తుంది. వ్రాతపరీక్షలో అందరికీ దగ్గరదగ్గర మార్కులు వచ్చినప్పుడు నియామకాన్ని ఇంటర్వ్యూ తేలుస్తుందన్న సంగతి ఈ పత్రిక పాఠకులకు వివరించనవసరం లేదు.

మన టెలివిజన్ వేదికలపై న్యాయనిర్ణేతలు పదికి ఎనిమిదికి తగ్గడానికి వెనుకాడతారు. నొప్పించకూడదన్న మర్యాద అందుకు ఒక కారణం కావచ్చు. ఫలితం మాత్రం విపరీతం: ఉదారంగా మార్కులు వేసిన ప్రతిసారీ న్యాయనిర్ణేత తన తీర్పు బరువును తానే తగ్గించుకుంటున్నాడు. అమెరికన్ కార్యక్రమం మొదట్లో స్థానాల పద్ధతిని అనుసరించి, తర్వాత శాతాలకు మారింది. 2018లో తక్కువ మార్కులు పొందుతూ వచ్చిన రేడియో వ్యాఖ్యాత బాబీ బోన్స్ విజేత కావడంతో, మరుసటి విడత నుంచి అడుగున ఉన్న ఇద్దరిలో ఒకరిని కాపాడే అధికారాన్ని న్యాయనిర్ణేతలకు ఇచ్చారు. బ్రిటన్‌లో ఈ ఏర్పాటు 2007లోనే మొదలైంది. ప్రాశ్నికుడు మళ్లీ సభలోకి వచ్చాడు, కానీ ఓటు తేల్చాక మిగిలిన ఇద్దరి మీద మాత్రమే అతని అధికారం.

7. తెలుగు తెర

తెలుగు టెలివిజన్‌లో పోటీ కార్యక్రమానికి ప్రమాణం నెలకొల్పింది 1996లో ఈటీవీలో మొదలైన 'పాడుతా తీయగా'. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తప్పును తప్పని చెప్పి, పాడి దిద్దేవారు. తీర్పుతో పాటు కారణం కూడా వినబడడం ఆ కార్యక్రమం గొప్పతనం. ప్రేక్షకుడు అక్కడ ఓటరు కాదు. పక్కన కూర్చున్న విద్యార్థి. ఒక తరం తెలుగు శ్రోతలు శ్రుతి, సంగతి, ఉచ్చారణ అనే మాటలను ఆ న్యాయనిర్ణేత నోటినుంచే నేర్చుకున్నారు.

నాట్యానికి వస్తే 2000ల రెండో సగంలో ఓంకార్ వ్యాఖ్యాతగా జీ తెలుగులో వచ్చిన 'ఆట', 2009 నుంచి ఈటీవీలో మల్లెమాల నిర్మిస్తున్న 'ఢీ' ప్రధానమైనవి. 'ఆట' పేరు సందీప్ అనే నృత్యదర్శకుని ఇంటిపేరులా నిలిచిపోయింది. 'ఢీ'లో పోటీ నృత్యదర్శకుల మధ్యది. అక్కడ పోటీపడిన శేఖర్ మాస్టర్ సినిమాలలో స్థిరపడి, అదే వేదికకు న్యాయనిర్ణేతగా వచ్చారు. భరతుని పట్టికలోని నర్తకుడు ఈయనే అనుకుంటే, మిగతా తొమ్మిదిమంది ఏరీ అన్న ప్రశ్న వస్తుంది. న్యాయనిర్ణేతలు నృత్యదర్శకులు లేదా నటీమణులు. సినిమా పాటకు వేసిన అడుగును సినిమా వారు తూస్తారు. గెలిచినవారికి సినిమా తలుపు తెరుచుకుంటుంది. పోటీ ఒక రంగపు ప్రవేశపరీక్ష అయినప్పుడు, ఆ రంగానికి పనికివచ్చే గుణాలే మార్కులు తెచ్చుకుంటాయి. పేరణి అయినా, చిందు అయినా, కొమ్ముకోయ నృత్యమైనా ఆ వేదికపైకి వచ్చినప్పుడు దాని ఘర్ఘరాన్ని వినగల ప్రాశ్నికుడు బల్ల వెనుక లేడు. ఓరుగల్లులో జాయప చేసిన పని, అంటే దేశిని దాని సొంత కొలతతో కొలవడం, ఇక్కడ జరగడం లేదు. ఓటు మీద ఉన్న ఫిర్యాదులో సగమైనా మనం ఈ లోటు మీద పెట్టవలసి ఉంది.

ఓటు సంగతి బిగ్‌బాస్ తెలుగు దగ్గర స్పష్టమవుతుంది. 2017లో స్టార్ మాలో మొదలైన ఈ కార్యక్రమంలో నైపుణ్యానికి మార్కు లేదు, అంతా ఓటే. 2018లో రెండో విడత నడుస్తుండగానే 'కౌశల్ ఆర్మీ' పేరుతో అభిమానులు సంఘటితమయ్యారు. 2023 డిసెంబరులో ఏడో విడత విజేత ప్రకటన రాత్రి హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియో వెలుపల ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. చీమలు, పేడ విసరడం నుంచి పరఘాతం ఇక్కడిదాకా వచ్చింది.

ఈ రెండు ధారలూ కలిసిన చోటు 'బీబీ జోడీ'. 2022 డిసెంబరు చివర స్టార్ మాలో మొదలైన ఈ కార్యక్రమంలో బిగ్‌బాస్ పూర్వ పోటీదారులు జంటలుగా నాట్యం చేశారు. రాధ, సదా, తరుణ్ మాస్టర్ న్యాయనిర్ణేతలు, శ్రీముఖి వ్యాఖ్యాత. ఓటు వల్ల ప్రముఖులైనవారు ఇక్కడ మార్కు ముందు నిలబడ్డారు. వారిలో ఎక్కువమంది శిక్షణ పొందిన నర్తకులు కారు. అందువల్ల న్యాయనిర్ణేతల మాటలలో 'పోయినవారం కంటే', 'నీ శరీరానికి ఇది కష్టం', 'నీ ప్రయత్నం' వంటి ధోరణి ప్రధానమవుతుంది. తూచేది నాట్యాన్ని కాదు, ప్రయాణాన్ని. ప్రముఖుల నృత్యపోటీకి ప్రపంచమంతటా ఉన్న ఆకర్షణ ఇదే. తెలిసిన మనిషి తెలియని పని నేర్చుకోవడం చూడడం. ఈ ప్రక్రియను శాస్త్రీయ నృత్యపోటీ కొలతలతో విమర్శించేవారు ఈ తేడాను గమనించాలి.

8. కనబడే మార్కు, కనబడని ఓటు

తెరమీద న్యాయనిర్ణేత పలక ఎత్తి చూపిస్తాడు. ఎవరు ఎంత వేశారో తెలుస్తుంది; మెచ్చనివారు అతణ్ని నిందించవచ్చు. ఓట్ల సంఖ్య మాత్రం సాధారణంగా వెల్లడి కాదు. బ్రిటిష్ కార్యక్రమం తన ఓట్ల అంకెలను ప్రచురించదు. మన దగ్గర కూడా వ్యాఖ్యాత చేతిలోని కవరు, లేదా 'ప్రేక్షకుల నిర్ణయం' అన్న ఒక మాట, అంతే. నాట్యశాస్త్ర సభలోనూ పద్యనాటకం పందిరిలోనూ ప్రేక్షకుని స్పందన బహిరంగం. పరిషత్తు న్యాయనిర్ణేత కాగితం రహస్యం. టెలివిజన్ దీన్ని సరిగ్గా తలకిందులు చేసింది.

చదివింపులలో ఉన్న మూడు అంశాలలో సొమ్ము మాత్రం మిగిలింది; పేరూ ప్రకటనా పోయాయి. ఆ సొమ్ము మాటెత్తిన సందర్భం న్యాయస్థానంలో ఒకటుంది. అది నృత్యపోటీ కాదు, 2007 నాటి 'కౌన్ బనేగా కరోడ్‌పతి'లో ప్రేక్షకుల కోసం పెట్టిన ఎస్సెమ్మెస్ పోటీ. ఒక్కో సందేశానికి 2.40 రూపాయలు వసూలయింది. బహుమతి సొమ్ము ఆ సందేశాల నుంచే వస్తున్నదన్న ఫిర్యాదుపై జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ప్రసార, టెలికాం సంస్థలకు కోటి రూపాయల శిక్షాత్మక పరిహారం విధించింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు తగిన ఆధారం లేదంటూ ఆ ఉత్తర్వును రద్దు చేసింది. లెక్క ఎవరి దగ్గర ఉందో వారే బయటపెడితే తప్ప బయటివారు ఆధారం చూపడం ఎంత కష్టమో ఈ పదకొండేళ్ల వ్యాజ్యం తెలుపుతుంది. బ్రిటన్‌లో మాత్రం నియంత్రణ సంస్థ స్వయంగా విచారించి, ఫోన్ పోటీలలో ప్రేక్షకులను మోసగించినందుకు 2008లో ఐటీవీకి 56 లక్షల 75 వేల పౌండ్ల జరిమానా వేసింది. ఇప్పుడు ఓటు ఎక్కువగా మిస్డ్ కాల్‌కూ యాప్‌కూ మారింది. రూపాయి కనబడదు, బదులుగా ఫోన్ నంబరూ చూసే సమయమూ చెల్లిస్తున్నాం.

ఇంకొక తేడా కాలానిది. వన్స్‌మోర్ ఒక పద్యానికి పడేది. యాప్ ఓటు మనిషికి పడుతుంది, ఆట మొదలుకాక ముందే పడవచ్చు, ఒకే చేతి నుంచి ప్రతిరోజూ పడవచ్చు. ప్రదర్శనతో సంబంధం తెగిన స్పందనను మానుషి సిద్ధి అనలేం. భరతుడు లెక్కలోకి తీసుకున్నది ఈ రాత్రి ఈ రంగంలో పుట్టిన 'అహో'ను మాత్రమే.

ఒకసారి ఒక కళాశాల నృత్యపోటీకి నేను న్యాయనిర్ణేతగా కూర్చున్నాను. సభ కేరింతలు కొట్టిన బృందానికి మూడో స్థానం ఇచ్చాం. ఫలితం చదవగానే వెనుక వరుసలు బల్లలు బాదాయి. ఒక విద్యార్థిని మాత్రం నేరుగా వచ్చి, "మార్కుల కాగితం సూపియ్యండి సార్" అని అడిగింది. నిర్వాహకులు వద్దన్నారు, నేనూ ఆ రోజు చూపలేదు. ఆ తర్వాత నుంచి ఎక్కడ పిలిచినా, అంశాలవారీ మార్కులను గోడకు అంటిస్తామంటేనే వెళుతున్నాను. గొడవలు ఆగలేదు గాని, ఇప్పుడవి లయకు ఎన్ని, ఆహార్యానికి ఎన్ని అన్నదాని మీద జరుగుతున్నాయి.

నిరుడు ఎం.ఏ. విద్యార్థులకు ఒక అభ్యాసం ఇచ్చాను. యూట్యూబులో దొరికే నృత్యపోటీల నుంచి ప్రతి ప్రదర్శనకూ ఒక పట్టిక తయారు చేయాలి: పాట, నృత్యరీతి, న్యాయనిర్ణేత పేరు, వేసిన మార్కు, చెప్పిన కారణం, ఓట్లు. మార్కుల గడి ప్రతి వరుసలోనూ నిండింది. కారణాల గడిలో 'సూపర్', 'ఎనర్జీ', 'గూస్‌బంప్స్' అన్న మాటలు ఎక్కువ చోట్ల పడ్డాయి. ఆ చివరిది భరతుని పులకమేనని ఒక విద్యార్థి అంచున రాశాడు. ఓట్ల గడిలో ఒక్క అంకె కూడా చేరలేదు.